బడిలో చివరి హాజరు

నోవై ఊళ్లో మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. పదేళ్లుగా తెల్లవాళ్ల చర్చిలో వాళ్ల ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం రెండింటికి మాది. మా బిర్యానీ వాసన కార్పెట్‌కి పడుతోందని వాళ్ల గొడవ. అందుకే పక్క ఊళ్లో పిల్లలు తగ్గి మూతపడ్డ సర్కారు బడి అమ్మకానికి వచ్చిందంటే ఎగిరి గంతేశాం.

ఆ ఊళ్లో అలాంటి బడులు చాలా ఉన్నాయి. ఒకటి గోదాము అయింది, రెండు తగలబడ్డాయి. మేం చూసినదాంట్లో దొంగలు రాగి పైపులు పీక్కుపోయారు గాని, గోడలు గట్టిగానే ఉన్నాయి.

కొనుగోలు కాగితాలు నలభై పేజీలు. ఆఫీస్‌లో నా ఉద్యోగమే కాంట్రాక్టులు చదవడం. కామా తేడా ఉన్నా వెనక్కి పంపిస్తాను. అందుకని సంఘం ఆ పని నాకే అప్పగించింది. ఆదివారం మా పాస్టర్ జూడ్ అయ్యగారు ఆ కట్టను బల్ల మీద పెట్టి, "మణీ, చెయ్యి పెట్టు నాయనా. అందరం ప్రార్థన చేద్దాం" అన్నారు. చేతులుంచి కన్నీళ్లతో ప్రార్థించాం. ఇంటికి తెచ్చాక చదవబుద్ధి కాలేదు. ప్రార్థించిన కాగితాన్ని అనుమానంగా చూడటం అవిశ్వాసమనిపించింది. సోమవారం సంఘం తరఫున సంతకం పెట్టేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నా సంగతి అదే.

తాళాలు చేతికొచ్చిన శనివారం అందరం శుభ్రం చేయడానికి వెళ్లాం. స్త్రీల సమాజం వాళ్లు ఇండియా నుంచి తెచ్చుకున్న ఈనెల చీపుర్లు పట్టుకొచ్చారు.

"దేవుని మందిరాన్ని ఎక్కడైనా వాక్యూమ్ చేస్తారా?" అంది నా భార్య పర్సిస్.

చెప్పులు గుమ్మం బయటే వదిలాం. పైపులు పీకినచోట రాలిన తెల్లటి పొడిని ఆడవాళ్లు ఊడ్చి కుప్ప పోశారు. గదంతా దుమ్ము లేచింది. మా ఆరేళ్ల ఫెబీ ఆ కుప్ప పక్కనే నిలబడి టీచరైపోయింది.

"ఎవాన్!"

"ప్రెజెంట్!"

పిల్లలు దగ్గుతూ నవ్వుతూ పలుకుతుంటే నేను మురిసిపోయి వీడియో తీశాను.

సోమవారం బాయిలర్ చూడటానికి వచ్చిన మెకానిక్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఈ పొడిని ఎవరు కదిపారు? ఇది ఆస్‌బెస్టాస్, పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. మీ కాగితాల్లో రాసే ఉంటుందే" అన్నాడు.

రాసే ఉంది. పదకొండో పేజీలో, లావు అక్షరాల్లో: లోపల ఏదీ ఊడవకూడదు.

ఏమీ కాకపోవచ్చన్నాడు డాక్టర్. అయితే ఊపిరితిత్తుల సంగతి ఇరవై, ముప్పై ఏళ్లకు గాని తెలియదట.

"నువ్వు చదివావా?" అని పర్సిస్ అడిగింది.

"ప్రార్థన చేశాం కదా" అన్నాను.

"నేను అడిగింది అది కాదు."

 

హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఆ రోజు లోపలున్న పిల్లల పేర్లు, వయసులు రాసి పంపమన్నారు. అందరూ గుర్తు లేరు. వీడియో పెట్టుకుని, ఫెబీ గొంతు పిలిచిన ఒక్కో పేరూ రాసుకున్నాను. పద్నాలుగు మంది. ఒక్కరూ ఆబ్సెంట్ కాలేదు.

ఫెబీ వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి చూసింది.

"డాడీ, టీచర్ నేమ్ రాయలేదు నువ్వు."

రాశాను. ఫెబీ, ఆరేళ్లు.