ముప్పై ఏడో నంబరు మడత

నాయకత్వం అనే మాట వింటే నాకిప్పుడు వెగటు. ఆ మాటను బోర్డు మీద రాసింది నేనే కాబట్టి ఇంకాస్త ఎక్కువ వెగటు.

ఇంజనీరింగ్ కాలేజీలో డిజైన్ పాఠం చెప్తాను. మూడో సంవత్సరం పిల్లల చేత ఒరిగామి చేయిస్తాను. కత్తెర, జిగురు ముట్టుకోకుండా ఒక్క కాగితంతోనే వస్తువు తయారవ్వాలి. ఈసారి ఇచ్చిన పని, అరచేతిలో ఇమిడే మడత. రెండు మూలలు పట్టి లాగితే దినపత్రికంత వెడల్పున విచ్చుకోవాలి. ఐదుగురికో జట్టు, జట్టుకో నాయకుడు, మనిషికో మడత. నా క్లాసులో ఒక్కటే కట్టుబాటు: మడిచే ముందు కాగితం మధ్యలో మడిచేవాళ్ళు తమ రోల్ నంబరు పెన్సిలుతో రాయాలి. ఎవరి చెయ్యి ఎక్కడ తడబడిందో విప్పి చూస్తే తెలియాలి కదా.

ఈ ఏడు దానికో బహుమతి కూడా వచ్చి పడింది. ఆసుపత్రి మంచాలు తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి ఒక ఇంజనీరు వచ్చి, నచ్చిన ఒక్కరిని రెండు నెలలు తమ డిజైన్ గదిలో పని నేర్చుకోడానికి తీసుకెళ్తాడట.

ఆ ఒక్క చోటు కావలసింది ముప్పై ఏడో నంబరు అమ్మాయికి. గోటితో ఒక్క గీత గీస్తే కాగితం మళ్ళీ నోరెత్తదు, అందుకే క్లాసంతా ఆమెను ఇస్త్రీ అంటారు.

"మా అమ్మ ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోస్తుంది మేడమ్" అని నాతో చెప్పింది ఒకసారి. "లిఫ్టులో సగమే పడుతుంది. అందుకే ఒక కొస అమ్మ పట్టుకుని మెట్లెక్కాలి. మడిచేది ఒకటి చెయ్యాలి."

ఆమె జట్టుకు నాయకుడు మైకు. అసలు పేరు వేరే ఉంది గానీ, వాడి నోటికి అదే సరిపోయింది. మా విభాగం హెడ్డుగారి మేనల్లుడు.

ఇంజనీరు వచ్చే ముందురోజు మధ్యాహ్నం వర్క్‌షాపు కిటికీలోంచి చూశాను. ఇస్త్రీ ఒక్కతే కూర్చుని నాలుగో కాగితం మడుస్తోంది. ముగ్గురు ఫోన్లలో తలలు దూర్చారు. మైకు గోడవైపు తిరిగి ఉపన్యాసం వల్లెవేస్తున్నాడు.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"నాయకుడి పని చేయించడమే కదా మేడమ్" అన్నాడు పళ్ళికిలిస్తూ.

చెంప పగలగొట్టాల్సింది. హెడ్డుగారి గదికి వెళ్ళి మర్యాదగా చెప్పాను. ఆయన టీ చప్పరిస్తూ, "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? ఆ పిల్లే ఏమీ అనట్లేదుగా" అన్నారు. ఏటేటా పొడిగించే ఉద్యోగం నాది. ఆ ఏటి కాగితం ఆయన బల్ల మీదే సంతకం కోసం పడి ఉంది. దాన్ని ఒకసారి చూసి బయటికొచ్చాను.

మర్నాడు మైకు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. "నేను ఆలోచించాను, నేను నడిపించాను." నోరున్నవాడిదే రాజ్యమని ఊరికే అనలేదు. వింటుంటే నాకు రోత పుట్టింది. హెడ్డుగారు మాత్రం మురిసిపోతూ తలాడిస్తున్నారు.

ఇంజనీరు అతి తక్కువ మాట్లాడే మనిషి. ఒక మడత తీసి మూలలు పట్టి లాగాడు. చక్కగా విచ్చుకుంది. మధ్యలో ముప్పై ఏడు. రెండోది లాగాడు. ముప్పై ఏడు. ఐదూ లాగి వరసగా పరిచాడు. మడిచిన చేతి నంబరే రాయాలని నేను చెప్పాను, ఆ పిల్ల అలాగే రాసింది. జట్టులో మిగతావాళ్ళెవరికీ విప్పి చూడాలని కూడా తోచలేదు.

"ఈ ముప్పై ఏడు ఏమిటి?" అన్నాడాయన.

మైకు గబుక్కున హెడ్డుగారి వైపు చూశాడు. హెడ్డుగారు నావైపు తిరిగి, "మేడమ్ చెప్తారు" అన్నారు మెత్తగా. వెనక బెంచీలో ఇస్త్రీ తలెత్తి చూసింది. ఆ చూపులో భయం లేదు. మేడమ్ చెప్తుందన్న నమ్మకం ఉంది.

"అది కాగితాల కట్ట నంబరండీ" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది అబద్ధం. ఇంజనీరు "ఓహో" అని మైకు పేరు రాసుకున్నాడు. ఆ సాయంత్రమే నా కాగితం మీద సంతకం పడింది. దాన్ని సంచిలో పెట్టుకుంటుంటే చేతికి చీమిడి అంటుకున్నట్టనిపించింది. ఇంటికెళ్ళి రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. హెడ్డు మీదా మైకు మీదా ఉన్న అసహ్యం నా మీది అసహ్యం ముందు ఏపాటిది!

తర్వాతి సోమవారం క్లాసులో కొత్త కాగితాలు పంచాను. ఇస్త్రీ పెన్సిలు పట్టుకుని లేచి నిలబడింది.

"మేడమ్, ఈ కట్ట నంబరెంత?"

వెటకారం లేదు గొంతులో. ఉంటే బాగుండేది, కసురుకునేదాన్ని.

"నీ నంబరే వెయ్యమ్మా" అన్నాను.

"పోయినసారి వేశాను కదా మేడమ్" అని కూర్చుంది.