ఆంబ్రోస్ బాణీలో పైస్వరం

విక్టోరియా రాణి కాలంలో ఒక కవయిత్రి రాసిన క్రిస్మస్ కవితకి దేశమంతటా ఒకటే బాణీ. మా ఊళ్లో మాత్రం రెండున్నాయి. దేశం పాడేది చంటిపిల్లల నోటికి కూడా లొంగుతుంది. రెండోది మా చర్చిలో ఆర్గన్ వాయించే ఆంబ్రోస్ హోల్రాయిడ్ పెళ్లయిన కొత్తలో తన భార్య హెస్టర్ గొంతు కోసం కట్టింది. దాని రెండో పాదంలో ఒక పైస్వరం ఉంటుంది, నిచ్చెన వేసుకున్నా అందదు. అది కట్టిన నాటి నుంచి దేశం బాణీని ఆయన చర్చి గడప తొక్కనివ్వలేదు.

మొదటి చరణం హెస్టర్ ఒక్కతే, ఆర్గన్ లేకుండా పాడాలి. రెండో చరణానికి ఆర్గనూ, పాటల బృందమూ, జనమూ కలుస్తారు. పడుచుతనంలో ఆమె పాడుతుంటే దగ్గొచ్చినవాళ్లు కూడా ఆపుకునేవారని మా అమ్మ చెప్పేది. ఇప్పుడామెకి డెబ్బై దాటాయి. కొన్నేళ్లుగా ఆ పైస్వరం దగ్గర గొంతు చీరుకుపోతోంది. జనం తలలు దించుకుని పాటల పుస్తకంలోకి చూస్తారు. తర్వాత టీ తాగుతూ, పెళ్లాన్ని ఏటా నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నాడని ఆంబ్రోస్‌ని తిట్టుకుంటారు. అందరికంటే ఎక్కువ తిట్టేది నేనే. బృందంలో ఆమె పక్కన నిలబడేదాన్ని, వినలేక చచ్చేదాన్ని.

ఒక ఆదివారం చర్చి వెనక గదిలో బృందం అంగీలు మడతపెడుతూ, ఇక పాడటం మానెయ్యవేమని ఆమెనే నిలదీశాను.

“ఆయనకి వినపడదే ఎనిడూ,” అంది హెస్టర్. “ముప్పాతిక వంతు పోయింది. ఆర్గన్ మీద అద్దం ఉందిగా, అందులో నా పెదాలు చూసుకుని వాయిస్తాడు. ఇంకెవరి నోరూ ఆయనకి అర్థం కాదు.”

కనీసం శ్రుతి తగ్గించమని అడగకూడదా అన్నాను. తన గొంతు ఇంకా పెళ్లినాటిలాగే ఉందని ఆయన నమ్ముతున్నాడనీ, ఆ ఒక్కటీ ఎలా లాక్కోననీ అంది. పైగా కొత్తగా వచ్చిన పాస్టర్ పెల్ గారు, ఆర్గన్‌లో ఒక్క తప్పు దొర్లినా పట్నం నుంచి కుర్రాణ్ణి తెస్తానని అప్పటికే అందరి ముందూ అనేశారు. ఆర్గన్ ముందు నుంచి లేపేస్తే ఆంబ్రోస్ బతకడు. హెస్టర్ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. సంగతి చెప్పి నా నోటికి కూడా తాళం వేసిందావిడ.

ఈసారి క్రిస్మస్‌కి ఆమెకి జలుబు. మధ్యాహ్నం నుంచీ మంచు పడుతున్నా చర్చి నిండిపోయింది, ఎక్కడ చూసినా తడి ఉన్ని కోట్ల వాసన. ఆంబ్రోస్ ఒక వేలితో స్వరం అందించి అద్దంలోకి చూశాడు. హెస్టర్ మొదలుపెట్టింది. మొదటి పాదం గడిచింది. పైస్వరం దగ్గర నోరు తెరిచింది గానీ గొంతు రాలేదు. ఆ చీరుకుపోవడం కూడా లేదు.

ఆ నిశ్శబ్దం భరించలేక వెనక వరసలోంచి మాంసం కొట్టు క్లెగ్ పాట అందుకున్నాడు. మంచి మనిషి, ఎద్దు గొంతు. అందుకున్నది మాత్రం దేశం బాణీ. మరుక్షణం చర్చంతా గొంతు కలిపింది. ఎన్నేళ్లనుంచో నోటి చివర ఆపుకున్న పాట కదా, కట్ట తెగినట్టు వచ్చింది.

హెస్టర్ వాళ్లని ఆపబోయి చెయ్యెత్తింది, మళ్లీ దించేసింది. అద్దంలో ఆయన చూస్తున్నాడు. పెదాలు ఆగితే కంగారు పడతాడని, గొంతు లేకుండానే మాటలు పలుకుతూ పోయింది. అప్పుడు వెలిగింది నాకు. రెండు బాణీలకీ మాటలు ఒకటే. పెదాలు చూస్తే బాణీ తెలియదు. ఈ చరణం అయ్యీ అవగానే ఆయన తన బాణీ మొదలుపెడతాడు. అరవలేను, కదల్లేను. పాటేమో చివరి పాదానికి వచ్చేసింది.

ఆర్గన్ పూర్తి జోరుతో మోగింది, ఆంబ్రోస్ బాణీలో. జనం దేశం బాణీలో ఉన్నారు. ఆ గోలకి పాస్టర్ గారు లేచి నిలబడ్డారు. ఆంబ్రోస్ మాత్రం హాయిగా ఊగుతూ వాయిస్తున్నాడు. దాంతో ఇన్నేళ్లూ దాచిన సంగతి ఊరందరికీ తెలిసిపోయింది.

హెస్టర్ ఆ బొంగురు గొంతుతోనే ఆయన బాణీ అందుకుంది. నాది కిందిస్థాయి గొంతు, ఆ బాణీ జోలికి ఎప్పుడూ పోలేదు, అయినా అందుకున్నాను. క్లెగ్ అద్దం వైపు చూశాడు, పాస్టర్ వైపు చూశాడు, తను పాడుతున్నది వదిలేసి మాతో కలిశాడు. మూడో చరణానికి చర్చంతా మా వెనక ఉంది. పైస్వరం ఒక్కరికీ అందలేదు. అందరి గొంతులూ ఒక్కచోటే చీరుకుపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత హాల్లో టీ పోస్తుంటే పాస్టర్ గారు నేరుగా క్లెగ్ దగ్గరికి వచ్చి, రెండో చరణంలో ఏం జరిగిందని అడిగారు.

“నేనే దారి తప్పానండి అయ్యగారూ,” అన్నాడు క్లెగ్. “నా వెనకాల గొర్రెల్లాగా వీళ్లూ తప్పారు.”

ఆయన అందరి మొహాలూ చూశారు. ఒక్కరూ కళ్లు తిప్పుకోలేదు. టీ కప్పు తీసుకుని, వచ్చే ఏడాదీ ఆంబ్రోస్ గారే వాయిస్తారన్నమాట అన్నారు. అవునన్నాం. ఊరంతా ఏటా చలిలో గొంతులు చింపుకునే శిక్ష మాకు మేమే వేసుకున్నామని అప్పుడెవరికీ తట్టలేదు.

హెస్టర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇదే ఆఖరు ఏడాది అనుకున్నానే, ఇప్పుడింక ఎలా మానను, అంది నెమ్మదిగా.

ఇంతలో ఆంబ్రోస్ వచ్చాడు, కోటు నిండా క్రిస్మస్‌కి చేసే మిన్స్‌పై కజ్జికాయల పొడి. ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

“హెస్టరూ, ఈసారి ఆ పైస్వరానికి కింద చెక్కలు అదిరాయే,” అన్నాడు, చెవిటివాళ్లు మాట్లాడేంత గట్టిగా. “నా కాళ్లకి తెలిసింది. నీ గొంతు ఏటికేడు పెరుగుతోంది. వచ్చే ఏడు ఇంకో అర స్వరం పైకి జరుపుదామా?”

హాల్లో కప్పుల చప్పుడు ఆగిపోయింది. క్లెగ్ నోట్లో పెట్టుకున్నది మింగలేదు.

హెస్టర్ దీపం వైపు తిరిగింది, తన మొహం ఆయనకి బాగా కనపడేలా. ఒక్కొక్క అక్షరం పెదాల మీద విడివిడిగా పెట్టింది.

“సరే. జరుపుదాం.”