ఇస్సాకు విప్పిన క్యూబు

ఆదోనిలో రామలింగయ్యగారి పత్తి జిన్నింగ్ మిల్లుకు ఇస్సాకు ఇరవై ఏళ్లుగా ఫిట్టరు. ఏ మిషన్ మొరాయించినా ముందు దానికి చెవి ఒగ్గి వినేవాడు, తర్వాతే స్పానర్ పట్టేవాడు. ఆ చెవి మీద ఆయనకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. లోకంలో తిరిగే వస్తువు ఏదైనా సరే, తన చేతికి లొంగాల్సిందేనని అనుకునేవాడు. ఇప్పుడు అనుకోవడం మానేశాడు. ఎందుకు మానేశాడో అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ కూడా నవ్వుతూ చెబుతుంటాడు.

ఎనిమిదో తరగతి చదివే కూతురు సుధకు రంగుల క్యూబు పిచ్చి. స్నేహితురాలిది అడిగి తెచ్చుకుని తిప్పీ తిప్పీ, నిమిషంలోపు ఆరు వైపులా రంగులు కుదిర్చేదాకా వచ్చింది. ఎమ్మిగనూరులో పోటీ పెడుతున్నారు. నిమిషంలోపు ముగించినవాళ్లను కర్నూలులో జరిగే పెద్ద పోటీకి పంపుతారు. ఎవరి క్యూబు వాళ్లే తెచ్చుకోవాలి, అవకాశం ఒక్కసారే. కర్నూలు పోవాలని పిల్ల పడే ఆరాటం చూసి ఇస్సాకు దాన్ని వెంటబెట్టుకుని బజారుకు బయల్దేరాడు.

బొమ్మల అంగడి ఈరన్న రెండు క్యూబులు ముందు పెట్టాడు. ఒకటి వేలితో తడితే చాలు తిరుగుతోంది. సుధ దాన్ని వదల్లేదు. ఇస్సాకు లాక్కుని చెవి దగ్గర ఊపాడు. గలగలమంది.

"ఇది లూజుగా ఉండాది పాపా. వారం దినాలకే ఊడిపోతాది."

"క్యూబంటే అట్లనే ఉండాల నాయనా. అప్పుడే జల్దీ తిరుగుతాది."

"ఇరవై ఏండ్ల ఫిట్టరుకు నువ్వు సెప్తావా?" అని, చప్పుడు చెయ్యని రెండోదాన్నే కొన్నాడు. అది తిరగదు కాబట్టే చప్పుడు చెయ్యడం లేదని ఇంటికొచ్చాక తెలిసింది. సుధ బొటనవేళ్లు ఎర్రబడ్డాయే తప్ప అది సరిగ్గా కదిలితే ఒట్టు.

అయినా మనవాడు తగ్గాడా? పోటీ ముందురోజు మిల్లు నుంచి రాగానే స్క్రూడ్రైవర్ తీశాడు. ఒక్కో వైపు నడిమి బిళ్ల కింద స్ప్రింగుతో చిన్న స్క్రూ ఉంది. ఆరింటినీ పావు చుట్టు వదులు చేస్తే క్యూబు హాయిగా కదిలింది. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ మిల్లులో సీజన్‌కు ముందు మిషన్ మొత్తం విప్పి, తుడిచి, నూనె పెట్టి బిగించడం ఆయన అలవాటు. క్యూబుకూ అదే మర్యాద చేశాడు. ముక్కలన్నీ ఊడదీసి పళ్లెంలో పోశాడు. జిడ్డు తుడిచాడు. క్యూబుతో పాటు ఈరన్న ఇచ్చిన నూనె చుక్కలు వేసి, మూల ముక్కను మూలలో, అంచు ముక్కను అంచులో, ఏది చేతికొస్తే అది పెట్టి నొక్కేశాడు. రంగులు చూడలేదు. ఎట్లాగూ చెదరగొట్టేదే, పిల్ల కుదుర్చుకుంటుందిలే అనుకున్నాడు.

క్యూబు వెన్నలా తిరిగింది. భార్య పద్మను పిలిచి మరీ చూపించాడు. సుధ చెయ్యి చాపితే మాత్రం ఇవ్వలేదు.

"నూనె పట్టాల. రేపు ఆడికి పోయినాంకే ముట్టుకోవాల."

మర్నాడు ఎమ్మిగనూరు ఫంక్షన్ హాలులో ముఖ్య అతిథి ఎవరో కాదు, రామలింగయ్యే. ఇస్సాకు ఊరుకుంటాడా? ముందే వెళ్లి, "అయ్యా, పాప క్యూబుకు నా చెయ్యి పడినాది. ఇంక మీరే సూడండి," అని చెప్పుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

సుధ మొదలుపెట్టింది. వేళ్లు చకచకా ఆడాయి. నలభై ఐదు సెకన్లకు ఒక్క మూల ముక్క తప్ప అంతా కుదిరింది. ఆ ముక్క తన చోటులోనే ఉంది, కానీ మెలితిరిగి ఉంది. సుధ మళ్లీ తిప్పింది. మళ్లీ అదే. నిమిషం దాటిపోయింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

పోటీ నడిపే లెక్కల సారు క్యూబు తీసుకుని చూశాడు.

"ఇది ఎన్ని దినాలు తిప్పినా కుదరదమ్మా. ఎవరో ముక్కలు ఇప్పి తప్పుగా పెట్టినారు. నువ్వే ఇప్పింటే ఇంకో సాన్సు ఇయ్యలేము. ఎవరు ఇప్పినారు?"

సుధ నాయన వైపు చూసింది. రామలింగయ్య వైపు చూసింది. "నేనే సార్," అంది.

ఇస్సాకు కాసేపు కూర్చునే ఉన్నాడు. ఈ ఒక్క ముక్క మాత్రం ఆయన ఇప్పటికీ ఎవరికీ నవ్వుతూ చెప్పలేడు. తర్వాత లేచాడు.

"అబద్ధం సార్. ఇప్పింది నేను. పాపను ముట్టుకోనీలేదు గూడా."

రామలింగయ్య పగలబడి నవ్వాడు. "మన మిషన్లు గూడా ఇట్లనే బిగిస్తాండావా ఏమప్పా?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఇస్సాకు చెవులు కాలిపోయాయి.

సారు మరో పిల్ల క్యూబు అడిగి సుధ చేతికిచ్చాడు. యాభై నాలుగు సెకన్లు. చప్పట్ల మధ్య స్టేజీ దిగి వచ్చి సుధ నాయన పక్కన కూర్చుంది.

"నువ్వెందుకమ్మా అట్ల సెప్పినావు?" అన్నాడు ఇస్సాకు మెల్లగా.

"అయ్య ముందర నీకు సిన్నతనం అయితాదని."

ఇస్సాకుకు సిగ్గు ముంచుకొచ్చింది. హాలంతా నవ్వినప్పటి సిగ్గు దీని ముందు ఏపాటిది? పదమూడేళ్ల పిల్ల తన పరువు కోసం కర్నూలు వదులుకోబోయింది. తనేమో ఆ పరువు చూసుకుంటూ కాసేపు కుర్చీలోంచి లేవనే లేదు.

"ఇంకెప్పుడూ అట్ల సెప్పొద్దమ్మా," అన్నాడు.