బొండం బాబాయి బుగ్గమీద చుక్క

డిగ్రీ అయ్యాక మా నాగజ్యోతి బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. గుంటూరులో ఒక పిల్లల పత్రికవాళ్ళు ఎనిమిది పేజీల బొమ్మల కథ తెమ్మన్నారు. నచ్చితే ప్రతినెలా దీనికే ఇస్తారట, నచ్చకపోతే ఆ పేజీలు ఇంకెవరికో పోతాయట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సయించలేదు.

కథలో ముఖ్యుడు బొండం బాబాయి. గుండ్రటి బట్టతల, గుండ్రటి పొట్ట. పెళ్ళిభోజనానికి వెళతాడు. ఏ పంక్తిలో కూర్చున్నా తన విస్తరి దాకా వచ్చేసరికి లడ్డూలు అయిపోతాయి. చివరికి ఒక తాతగారు జాలిపడి, దీవించి, తన లడ్డూ ఇచ్చేస్తాడు. అంతే కథ.

జ్యోతి ముందు అట్టమీద లేతనీలం పెన్సిలుతో గీసి, దానిమీద పాళీతో నల్లసిరా దిద్దుతుంది. ఆ నీలం గీతలు మాత్రం చెరపదు. అట్ట నిండా కనబడుతూనే ఉంటాయి.

"ఈ పిచ్చిగీతలతోనే ఇస్తావా? మీ అమ్మ నీకేం నేర్పిందని అడగరూ?" అన్నాను.

"నీలం కెమెరాకి కనపడదమ్మా. అచ్చులో నలుపే పడుద్ది."

"పుస్తకం చిన్నది కదా, ఇంత పెద్ద అట్టమీద ఎందుకు?"

"పెద్దగా గీసి, ఫొటోలో చిన్నది చేస్తే గీత నున్నగా వస్తది."

"మనిషి చిక్కిపోడూ?"

"పొట్ట కూడా తగ్గుద్దిలే. ఆయనకి మంచిదేగా."

దానికి అన్నీ నవ్వులాటే. రంగులు కూడా అట్టమీద వేయదు. పైన పల్చటి ట్రేసింగు కాయితం అంటించి, దానిమీద చొక్కా పసుపు, తలుపు ఆకుపచ్చ అని రాస్తుంది. ఆ రాత చూసి ప్రెస్సువాళ్ళు రంగులు వేస్తారట. తలుపు రంగు తీసుకెళ్ళి మనిషికి పూస్తే ఏం చేస్తావని అడిగాను. నవ్వి పాళీ కడుక్కుంది.

అట్టలు ఇచ్చే రోజు పొద్దున జ్యోతి తలంటుకుంటుంటే ఒకసారి తెరిచి చూసుకున్నాను. బాబాయి చంటిపిల్లాడిలా ముద్దొస్తున్నాడు. ఇంత ముచ్చటైన మనిషిని ఊళ్ళో జనమంతా చూడబోతున్నారు, దిష్టి తగలకుండా ఉంటుందా? బుగ్గన కాటుక చుక్క పెడదామంటే అది నలుపు, అచ్చులో పడుతుంది. నలుపొక్కటే పడుతుందని అదే చెప్పింది కదా. అందుకని తడివేలితో కుంకుమ అద్దాను. ఒక పేజీలో కుడిబుగ్గ, ఒకదాంట్లో ఎడమబుగ్గ, ఒకచోట ముక్కుకొస. చివరి పేజీలో మొహం విస్తరిలోకి వంగిపోయి ఉంటే నడినెత్తిన పెట్టాను.

ఆరాక ట్రేసింగు కాయితాలు దించి, అట్టల్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, తువ్వాలులో చుట్టి, ఎరువుల సంచిలో దూర్చి, తాడుతో బిగించాను. ఏప్రిల్లో వాన పడదు. పడితే? దాని సిరాబుడ్డి, పాళీలు, తెల్లరంగు సీసా కూడా నా చేతిసంచిలో వేసుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. ఏదో ఒకటి జరక్కమానదు.

ప్రత్తిపాడు నుంచి గుంటూరుకి ఇద్దరం బస్సెక్కాం. పైన మిరపకాయల బస్తాలు, లోపల జనమంతా తుమ్ములు. నేను సంచిని ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పాను.

ప్రెస్సులో కెమెరా గది చూసే ఆయన పేరు సిలార్. తాడు విప్పడానికే ఆయనకు చెమట పట్టింది.

"అమ్మా, ఇందులో బొమ్మలున్నాయా, బంగారముందా?" అన్నాడు. తర్వాత ట్రేసింగు కాయితాలు ఎత్తి ఒక్కొక్క అట్టా చూశాడు.

"అమ్మాయ్, మీ బాబాయికి పుట్టుమచ్చుందా?"

"లేదండీ."

"ఉంది. ఇక్కడ కుడిబుగ్గ మీద. ఈ పేజీలో ఎడమబుగ్గకి పోయింది. ఇదిగో, ముక్కెక్కింది. తిరిగే పుట్టుమచ్చ నేనెక్కడా చూళ్ళేదు."

జ్యోతి నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"అమ్మా."

"నువ్వేగా పడదన్నావు."

"నీలం పడదన్నా. ఎరుపు పడదన్నానా?"

"ఎరుపు నలుపెట్టా అవుద్దే?"

"మా ఫిల్ముకి ఎరుపు చూపానదమ్మా," అన్నాడు సిలార్. "కుంకుమైనా కాటుకైనా దానికొకటే."

జ్యోతి నా సంచిలోంచి తెల్లరంగు తీసి మొదటి పేజీలో చుక్క మీద పూసింది. కుంకుమ కరిగి తెలుపంతా గులాబీ అయింది. మళ్ళీ పూసింది. గులాబీ ఇంకా పెద్దదైంది. బాబాయి కొత్తపెళ్ళికూతురిలా సిగ్గుపడ్డాడు.

"ఇదీ మచ్చగానే వస్తది. మధ్యాహ్నం నుంచి నాకు వేరే పనుంది," అన్నాడు సిలార్. "ఈలోగా ఎడిటరుగారు చూసి సరేనంటేనే ఫొటో తీసేది."

జ్యోతి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పేజీలు పరాయివాళ్ళకు పోతాయి, ఇది ఇక పాళీ ముట్టుకోదు, అన్నం మానేస్తుంది, చిక్కి సగమవుతుంది. అక్కడిదాకా వెళ్ళిపోయాను.

అది అట్టను దగ్గరికి లాక్కుని ఆ చుక్కను చూసింది.

"అమ్మా, సిరా ఉందా?"

"ఉందే, రెండు పాళీలు కూడా."

చుక్కకు రెండు రెక్కలు గీసింది. ఆరు కాళ్ళు పెట్టింది. చుక్క ఈగ అయింది. తెల్లరంగు పూసిన చోట ఈగ కాస్త బలిసింది. ఆ ఈగ కుడిబుగ్గ మీంచి ఎడమబుగ్గకు, అక్కడినుంచి ముక్కుమీదికి, పేజీ పేజీకీ ఎగురుతూ పోయింది. చివర్లో నెత్తిన వాలేసరికి, దీవించడానికి ఎత్తిన తాతగారి చెయ్యి ఈగను కొట్టడానికి లేచినట్టయింది.

ఎడిటరుగారు వచ్చి నిలబడే చదివారు. చివరి పేజీ దగ్గర భుజాలు కదిలాయి. నాకు ఆయాసమేమోనని భయమేసింది. నవ్వట.

"ఈగ ఎవరి ఆలోచన?"

"మా అమ్మదండి," అంది జ్యోతి.

"ప్రతినెలా వేయమ్మాయ్. బాబాయి ఉన్నా లేకపోయినా పర్లేదు, ఈగ మాత్రం ఉండాలి."

తిరుగు బస్సులో జ్యోతి కిటికీ దగ్గర కూర్చుని తనలో తను నవ్వుకుంటూనే ఉంది.

"వచ్చే నెల బొట్టు ఎక్కడ పెట్టమంటావో నువ్వే చెప్పు," అన్నాను.

"అట్టకి నాలుగు మూలలా చిన్నగీతలు పెడతా చూడు, వాటికవతల ఉన్నది అచ్చులోకి రాదు. అక్కడ పెట్టుకో."

ఈ నెల అక్కడే పెట్టాను. పెట్టానే గానీ మనసు కుదుటపడలేదు. అచ్చులోకి రాని బొట్టు దిష్టినాపుతుందా? పైగా ఈ నెల కథలో బాబాయి ఈగ వాలిన లడ్డూ తింటున్నాడు.