టెలిగ్రాములో లేని సంతకం

పర్సనెల్ ఆఫీసరు విశ్వనాథం పేరు ఎత్తితే కనకరాజు ఈనాటికీ చాయ్ గ్లాసు కింద పెట్టేస్తాడు. ఉప్పల్ బస్టాపు దగ్గరి హోటల్లో కూర్చునే వాళ్లకు ఆ సంగతి తెలుసు. అందుకే పొద్దుపోని రోజున ఎవరో ఒకరు కావాలనే ఎత్తుతారు. "విశ్వనాథం సారు మంచిగున్నడా అన్నా?" అంటారు. ఇక ఆ చాయ్ చల్లారిపోయినట్టే. తన చేతికి రావలసిన నేలను పట్టపగలు, పదిమంది చూస్తుండగా లాగేసుకున్నవాడు విశ్వనాథం అని కనకరాజు అభియోగం. అది కూడా దేశసేవ చేయించి, చప్పట్లు కొట్టించి, శాలువా కప్పించి మరీ లాగేసుకున్నాడు. దొంగ అయితే ఠాణాకు పోయి చెప్పుకోవచ్చు, శాలువా కప్పించినవాడి మీద ఏమని రాసియ్యాలి అంటాడు.

కనకరాజు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక పైపుల కంపెనీకి అంబులెన్సు డ్రైవరు. అంబులెన్సు అంటే తెల్లరంగు వేసిన మెటాడోర్ వ్యాను, నెత్తిన ఒక ఎర్ర లైటు, రెండు పక్కలా ప్లస్సు గుర్తు. అందులో రోగులు ఎక్కిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. విశ్వనాథం గారి గ్యాసు బండలు ఎక్కేవి. ఘట్‌కేసర్ నుంచి వాళ్ల బియ్యం బస్తాలు ఎక్కేవి. వాళ్లమ్మాయి తార్నాకలో సంగీతం నేర్చుకునే రోజుల్లో వీణ ఎక్కేది. మొదట్లో ఆ వీణ స్ట్రెచర్ మీద పడుకుని దర్జాగా వెళ్లేది. తర్వాత స్ట్రెచరే విశ్వనాథం గారి డాబా మీదికి చేరింది. దాని కాన్వాసు గుడ్డ మీద ఆయన భార్య మంగతాయారు వడియాలు పెట్టుకునేది. నాలుగు వైపులా పట్టుకోవడానికి పిడులున్నాయి గనక వాన వస్తే గబుక్కున లోపలికి తెచ్చుకోవచ్చని ఆమె అందరికీ చెప్పేది.

తొంభై మూడు సెప్టెంబరు ఆఖర్న మహారాష్ట్రలో కిల్లారి అనే ఊరు, చుట్టుపక్కల ఊళ్లతో సహా భూకంపానికి తెల్లారేసరికి కూలిపోయింది. పేపర్ల నిండా ఆ ఫోటోలే. రెండోనాడు మరో ఫోటో పడింది. పక్క వీధిలోని బిస్కెట్ల కంపెనీ వాళ్లు బాధితులకు లారీ నిండా సరుకు పంపుతూ జెండా ఊపుతున్న ఫోటో అది. మొదటి ఫోటోలకు చలించని మన కంపెనీ యజమాని ఈ ఫోటోకు చలించాడు. మనం అంబులెన్సు పంపుదాం అన్నాడు. ఆ భారం విశ్వనాథం మీద పెట్టాడు.

బ్యానరు రాయించడానికి మూడు రోజులు పట్టింది. మరాఠీ సోదరులకు మా సానుభూతి అని తెలుగులో రాయించారు. స్ట్రెచరు కోసం మనిషిని పంపితే మంగతాయారు, వడియాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, రెండు రోజులు ఆగమని కబురు చేసింది. భూకంపం ఆగింది గానీ వడియాలు ఆగవు గదా. స్ట్రెచరు లేకుండానే బండి బయల్దేరాలని తేలింది.

కనకరాజు బెంగ వేరు. కంపెనీ ఉద్యోగులంతా కలిసి ఇళ్లస్థలాల సొసైటీ పెట్టుకున్నారు. జీతంలోంచి నెలనెలా కోయించుకుంటే తొమ్మిదేళ్లకు మేడిపల్లిలో, వరంగల్ రోడ్డు పక్కన నేల కొన్నారు. ప్లాట్లు పంచే చీటీల కార్యక్రమం అక్టోబరు పదో తారీఖు ఆదివారం, కంపెనీ క్యాంటీన్లో. సభ్యులు అరవై మంది. తీరా కొలిపిస్తే రోడ్డుకు పోయింది పోగా ప్లాట్లు యాభై తొమ్మిదే తేలాయి. ఒక్కడు మిగిలిపోవాలి. వాడికి రెండో విడతలో ఇస్తారట. ఆ రెండో విడత నేల ఎక్కడుందో భూమ్మీద ఎవరికీ తెలియదు. అందుకే అరవై చీటీల్లో ఒకటి ఖాళీ చీటీ వేస్తున్నారు. దాని మాట తలుచుకుంటేనే అరవై మందికీ అన్నం సహించడం లేదు. సొసైటీ కార్యదర్శి కూడా విశ్వనాథమే.

"సార్, ఆదివారం చీటీలున్నయి గద. నేను లేకుంటే ఎట్ల?" అని అడిగాడు కనకరాజు.

"ఈవేళ సోమవారం. గురువారానికి వచ్చేస్తాం. నేనూ వస్తున్నానుగా, నాకు మాత్రం చీటీ లేదా ఏమిటి?" అన్నాడు విశ్వనాథం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా ఆయన మాట తీరు ఇసుమంత మారలేదు.

కొబ్బరికాయ కొట్టారు. యజమాని జెండా ఊపాడు. ముందు విశ్వనాథం, ఫోటోలు తీసేవాడు ఎక్కిన అంబాసిడరు, వెనక కనకరాజు మెటాడోరు. కనకరాజు పక్కన కంపెనీ కాంపౌండరు దామోదర్. దామోదర్ వైద్యమంతా రెండు సీసాల్లో ఉంటుంది, టించర్ అయోడిన్ ఒకటి, అజీర్తి మందు ఒకటి. జహీరాబాద్ దాటాక విశ్వనాథానికి ఆకలేసింది. అక్కడి నుంచి సైరన్ వేసుకుని, లారీలను పక్కకు తప్పించుకుంటూ, హుమనాబాద్‌లో భోజనం హోటలు దాకా అత్యవసరంగా వెళ్లారు.

కిల్లారి చేరేసరికి అక్కడ అన్ని పనులూ మిలటరీ వాళ్లు చేస్తున్నారు. బతికున్నవాళ్లను ఎప్పుడో తీసుకుపోయారు. శిబిరం ముందర నాలుగు రాష్ట్రాల నుంచి వచ్చిన అంబులెన్సులు పెళ్లి కార్లలాగా బారులు తీరి ఉన్నాయి. ప్రతిదానికీ ఒక బ్యానరు, ప్రతి బ్యానరు ముందర ఒక ఫోటో. దారి పక్కన దాతలు పంపిన పాత బట్టలు గుట్టలుగా పడి వానకు నానుతున్నాయి. అందులో ఎవడో మహానుభావుడు పంపిన, మెడకు కట్టుకునే టైలు కూడా ఉన్నాయి. ఒక జవాను వచ్చి, బండి దారికి అడ్డంగా ఉంది, వెనక్కి తియ్యమన్నాడు. విశ్వనాథం ఆ జవానుతో కూడా ఒక ఫోటో దిగాడు.

బుధవారం పొద్దున ఆయన అంబాసిడరు తలుపు తీస్తూ, "నేను బయల్దేరుతున్నాను. మీరిద్దరూ శిబిరంలో ఇచ్చే సేవా సర్టిఫికెట్ తీసుకుని రండి. అది లేకుండా వస్తే యజమాని ఊరుకోడు," అన్నాడు.

"అది శనివారం గాని ఇయ్యరంట సార్," అన్నాడు దామోదర్.

"శనివారం తీసుకోండి. ఎక్కడికి పారిపోతుంది?"

కనకరాజు కారు దగ్గరికి పోయి నిలబడ్డాడు. "సార్, ఆదివారం నాడు అందకపోతే నా తరఫున మా ఇంటామె మల్లవ్వ వస్తది. కాయితం మీద సంతకం పెట్టి ఇయ్యాల్నా? నాతోని బస్సుల వచ్చే రామస్వామి సదివి చెప్పిండు, సొసైటీ నోటీసుల గట్లనే ఉన్నదట."

"కార్యదర్శిని నేనా, రామస్వామా?"

"మీరే సార్."

"మరి నాకు కాయితాలు చూపిస్తావేమిటయ్యా? నువ్వు దేశం పని మీద ఉన్నావు. ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు? నేను లేనూ?" అని భుజం తట్టి, తలుపు వేసుకున్నాడు.

ఆ తట్టిన చోటు తనకు ఇప్పటికీ మండుతుందంటాడు కనకరాజు.

కారు కనుమరుగయ్యాక దామోదర్ బీడీ ముట్టించాడు. "అన్నా, ఒక మాట అంటా, కోపం చేసుకోకు. అరవై మందిల ఒకడు తక్కువ గావాలె. నువ్వు ఈడ ఉన్నవ్."

"సారు మాటిచ్చిండు రా."

"మాటనే గద ఇచ్చింది. సంతకం అడిగితే వద్దన్నడు. నేనైతే వచ్చేటప్పుడే నా చీటీకి సంతకం కాయితం మా తమ్మునికిచ్చి వచ్చిన."

కనకరాజు రెండు రోజులు ఆ మాటే తిరగేసుకున్నాడు. ఉత్తరం రాస్తే ఆదివారానికి చేరదు. శుక్రవారం ఉమర్గా తపాలా ఆఫీసుకు పోయాడు. అక్కడ తమవాళ్లు బతికున్నారో లేదో కనుక్కునే జనం వీధి దాకా లైను కట్టి ఉన్నారు. వాళ్ల మధ్యలో నిలబడి తన ప్లాటు గురించి టెలిగ్రాం ఇయ్యడానికి కనకరాజుకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే మూడు గంటలు నిలబడ్డాడు. దామోదర్ ఇంగ్లీషులో రాసిచ్చాడు. నా చీటీ నా భార్య మల్లవ్వ తీస్తుంది, అందుకు నా సమ్మతి, ఇట్లు కనకరాజు. సొసైటీకి ఒకటి, ఇంటికి ఒకటి కొట్టించాడు. ఇంటిదాంట్లో, సంతకం కాయితం సారే వద్దన్నాడన్న ముక్క కూడా కలిపించాడు.

శనివారం పొద్దున పదికల్లా సర్టిఫికెట్ చేతికి వచ్చింది. ముద్ర వేసిన గుమాస్తా తలకు కట్టు ఉంది. అతని తమ్ముడు కూలిన ఇంట్లోనే పోయాడట. అతను బారులో ఉన్న ఒక్కొక్క అంబులెన్సుకు, తల ఎత్తకుండా, మీరు చేసిన సేవ మరువలేనిది అనే కాగితం మీద ముద్ర వేసి ఇస్తున్నాడు. కనకరాజు అతని మొహం చూడలేక కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు బయల్దేరితే సాయంత్రానికి ఉప్పల్. బయల్దేరారు కూడా. నాలుగు మైళ్లు పోయాక ఒక రేకుల పాక ముందర ఒకతను బండికి అడ్డం వచ్చి రెండు చేతులూ ఎత్తాడు. లోపల ముసలమ్మ. తుంటి విరిగి తొమ్మిది రోజులుగా పడి ఉంది. వాళ్లది ఊరు కాదు, నాలుగు గుడిసెల వాడ. అక్కడ ఫోటోకు పనికొచ్చేంత కూలింది ఏమీ లేదు గనక ఎవరూ ఆగలేదు. అంతకుముందు ఆరు అంబులెన్సులను ఆపబోయాడట, అందరూ సర్టిఫికెట్ అయిపోయిందని చెప్పి వెళ్లారట.

"సోలాపూర్ లే చలో భయ్యా," అన్నాడతను, అక్కడి దవాఖానాకు తీసుకుపొమ్మని.

దామోదర్ దిగలేదు. "అన్నా, సోలాపూర్ అటు. మన ఇల్లు ఇటు. రేపు నీ చీటీ. జర సోచాయించు."

కనకరాజు ఇంజను ఆపేశాడు. "టెలిగ్రాం కొట్టినం గదరా. గవర్నమెంటు తారు అది, ఆషామాషీ కాదు. గింత దూరం వచ్చి ఒక్క మనిషిని గూడ ఎక్కించుకోకుంట వాపస్ పోతే, గీ బండికి అంబులెన్సని ఎందుకు రాసినట్టు? దిగు."

స్ట్రెచరు లేదు. అది వడియాల పని మీద హైదరాబాదులో ఉంది. కూలిన గోడ పక్కన పడి ఉన్న ఒక తలుపు రెక్క తెచ్చి ముసలమ్మను దాని మీద పడుకోబెట్టి ఎక్కించారు. దామోదర్ ఏ సీసా తియ్యాలో తోచక, రెండూ లోపల పెట్టేసి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. సోలాపూర్ దాకా ఆ ముసలమ్మ కనకరాజును మరాఠీలో తిడుతూనే ఉంది. గుంత వచ్చినప్పుడల్లా తిట్టు మారేది. కనకరాజుకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా మర్యాదగా నెమ్మది చేశాడు. దవాఖానాలో చేర్చి, తెచ్చిన మనిషిగా సంతకం పెట్టి, బయటపడేసరికి పొద్దుగూకింది. ఆదివారం తెల్లారి బయల్దేరారు.

క్యాంటీన్లో ఏం జరిగిందో ఆ సాయంత్రం మల్లవ్వ చెప్పింది. ఆమె పొద్దున్నే మంచి చీర కట్టుకుని, పాస్‌బుక్కు, టెలిగ్రాము పట్టుకుని పోయింది. ముందు వరుసలోనే కూర్చుంది.

"నీ పేరు పిలిస్తే లేసి పోయిన. విశ్వనాథం సారుకు తారు ఇచ్చిన. అటు తిప్పి సూసిండు, ఇటు తిప్పి సూసిండు. సంతకం ఏదమ్మా అన్నడు."

"టెలిగ్రాంల సంతకం ఎట్లుంటది?"

"నేను గదే అన్న. గందుకేనమ్మా ఇది చెల్లదు, ఆఫీసుకొచ్చింది గూడ చెల్లదు అన్నడు. సంతకం ఉన్న కాయితం తెచ్చినవా అన్నడు. మీరే వద్దన్నరంట గద సారూ, మా ఆయన అడిగిండంట గద అన్న. నోటీసుల రాసి ఉన్నది, నేను వద్దంటనా అన్నడు."

"ఎవ్వలు మాట్లాడలే?"

"ఖాళీ చీటీ తీసి అవతల పారేసిండు. ఇగ ఎవ్వలకు భయం లేదు, అందరికి వస్తయి అన్నడు. చప్పట్లు కొట్టిన్రు."

"రామస్వామి?"

"ఆయన గూడ కొట్టిండు. మెల్లగ కొట్టిండు."

రామస్వామి పదకొండేళ్లుగా కనకరాజుతో ఒకే బస్సులో వచ్చి, ఒకే డబ్బాలోంచి తిన్న మనిషి. ఆ తర్వాత అతను బస్సు మార్చుకున్నాడు.

సోమవారం పొద్దున కనకరాజు విశ్వనాథం గదిలోకి తలుపు కొట్టకుండానే పోయాడు.

"సార్, నేను కాయితం ఇస్తనంటే వద్దన్నది మీరు."

"నువ్వు శనివారమే వచ్చేస్తావు, ఆదివారం స్వయంగా చీటీ తీస్తావు అనుకుని అన్నానయ్యా. సోలాపూర్ ఎవరు పొమ్మన్నారు నిన్ను?"

"ముసలామె తొమ్మిది దినాలసంది పడి ఉన్నది సార్."

"మంచిదే. మానవత్వం. కానీ నీకు డ్యూటీ వేసింది కిల్లారికి. సోలాపూర్‌కు కాదు. డీజిలు సంగతి నేను అడగడం లేదు, చూశావా?" అని ఫైలు తెరిచాడు. "రెండో విడతలో మొదటి పేరు నీదే. రాసిపెట్టాను."

"ఆ నేల ఏడున్నది సార్?"

"చూస్తున్నాం."

ఆ శుక్రవారమే అదే క్యాంటీన్లో కనకరాజుకు సన్మానం జరిగింది. యజమాని శాలువా కప్పాడు. సర్టిఫికెటుకు అద్దం కట్టించి గోడకు తగిలించారు. విశ్వనాథం మైకు పట్టుకుని త్యాగం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. యాభై తొమ్మిది మంది చప్పట్లు కొట్టారు. ఈసారి రామస్వామి గట్టిగా కొట్టాడు. కనకరాజును కూడా రెండు ముక్కలు మాట్లాడమన్నారు. అతను మైకు దగ్గరికి పోయి, ఒక్కొక్క మొహమే చూస్తూ పోయాడు. అందరూ చూపు తిప్పుకున్నారు. మాట్లాడకుండానే దిగి వచ్చాడు. వినయం అనుకుని మళ్లీ కొట్టారు.

రెండో విడత రాలేదు. విశ్వనాథం రిటైరై మేడిపల్లిలో రోడ్డు మూల ప్లాటులో మేడ కట్టాడు. ఆ వీధిలోనే రామస్వామి ఇల్లు, దామోదర్ ఇల్లు. ఘట్‌కేసర్ బస్సులో ఆ దారిన పోయేటప్పుడు కనకరాజు కిటికీ వైపు కూర్చోడు. ఎంత పోయింది అన్నా అని హోటల్లో ఎవరైనా అడిగితే మాత్రం తడుముకోకుండా చెబుతాడు. ముప్పై అడుగుల వెడల్పు, నలభై ఐదు అడుగుల పొడవు. నూట యాభై గజాలు.