సున్నా మందం గీతలు

వీధి వీధంతా ఆయన్ను గడియారాలాయన అంటుంది. చెయ్యి వణకడం మొదలయ్యాక గడియారాలు బాగుచేసే కొట్టు మూసేశాడు గానీ ఆ పిలుపు మాత్రం పోలేదు. కొట్టు మూసిన కొత్తలో ఆయనకు ముక్కు మీదే కోపం. టీ వేడిగా ఉన్నా కోపమే, చల్లారినా కోపమే. చూసి చూసి కోడలే ఒకరోజు తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. ఆమె పాఠ్యపుస్తకాలకు పేజీలు పేర్చే పని చేస్తుంది. ఇందులో బొమ్మ గీయడానికి చెయ్యి నిలకడగా ఉండక్కర్లేదనీ, బాణం గుర్తు మీటలు నొక్కితే గీత తానే జరుగుతుందనీ చూపించింది. అంతే, ఆ రోజు నుంచి ఆయన్ను కుర్చీలోంచి లేపడం ఎవరి తరమూ కాలేదు.

ఊరి నడిబొడ్డున ఉన్న గడియార స్తంభాన్ని బాగుచేయిస్తూ, లోపలి యంత్రం బొమ్మను గోడంత పెద్దదిగా దాని వాకిట్లో పెడతామన్నారు మున్సిపాలిటీవాళ్ళు. గడియారాలాయన తాను గీస్తానన్నాడు. ఎండాకాలమంతా గీశాడు. ప్రతి చక్రం, ప్రతి పన్ను, ప్రతి స్ప్రింగు.

తీరా దాన్ని అచ్చువేసే ప్రెస్సువాళ్ళ యంత్రానికి గీతల ఫైలు పనికిరాదట, చుక్కలతో అచ్చయ్యే ఇమేజ్ ఫైలు కావాలట. అదెంత పని అనుకుంది కోడలు. ఆన్‌లైన్‌లో అలా మార్చిపెట్టే వెబ్‌సైటు తెరిచి, ఉన్నవాటిలో అతి పెద్ద రిజల్యూషన్ ఎంచుకుని పంపించేసింది. కాసేపటికి ప్రెస్సాయన ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా, ఇందులో గీతలే కనబడట్లేదు, తెల్లగోడకి తెల్లకాగితం అంటించమంటారా? సాయంత్రంలోగా సరైంది పంపండి. లేదంటే పాత ఫోటో ఒకటుంది, అదేసేస్తాం."

మావగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. కోడలు రిజల్యూషన్ ఇంకా పెంచింది. గీతలు ఇంకా సన్నబడ్డాయి. విసుగొచ్చి తగ్గించింది. అవి లావెక్కాయి! ఇదేం చోద్యమని అసలు ఫైలు తెరిచి చూస్తే, గీత మందం దగ్గర సున్నా ఉంది. అన్నిటికీ సున్నాయే.

"మావయ్యగారూ, ఈ సున్నా మీరే పెట్టారా?"

"మరి? గీతకి లావుంటే కొలత ఎక్కణ్ణించి తీసుకుంటావు, ఈ అంచునుంచా, ఆ అంచునుంచా?" అన్నాడాయన దర్జాగా.

ఆమెకు తల పట్టుకోవాలనిపించింది. సున్నా గీతనైనా కంప్యూటర్ జాలిపడి ఒక్క చుక్క మందాన చూపిస్తుంది. రిజల్యూషన్ పెంచేకొద్దీ చుక్కలు చిన్నవై ఆ గీతా చిక్కిపోతుంది. అదే చెప్పి, గీతలన్నీ ఒకేసారి ఎంచుకుని మందం పెంచబోయింది.

"ఆగాగు! పళ్ళు ఒరుసుకుంటాయి! చక్రం బిగుసుకుపోదూ?"

"ఇది తిరగదు మావయ్యగారూ, బొమ్మ!"

"బొమ్మయితే? పని తెలిసినవాడు ఒక్కడు చూసినా నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఆమెకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, ఇంత పట్టుదల మనిషి తన ఇంటివాడైనందుకు గర్వంగానూ అనిపించింది. పాత ఫోటో పెట్టనివ్వకూడదని అప్పుడే గట్టిగా అనుకుంది.

"పోనీ, లావంతా అంచుకి లోపలివైపే పెంచితే?"

ఆయన తెరమీదికి వంగి ఒక చక్రం పళ్ళను పరీక్షగా చూశాడు. "అలా అవుతుందా? అయితే పళ్ళ మధ్య సందు చెక్కుచెదరదు."

"అవుతుంది. కానీ ఒక్కో చక్రానికీ విడిగా చెయ్యాలి."

"జరుగు తల్లీ, నేను చేస్తా."

మధ్యాహ్నమంతా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. చక్రాలు చెప్పినట్టు విన్నాయి. లోపలంటూ బయటంటూ లేని స్ప్రింగు దగ్గర మాత్రం మావాకోడళ్ళు చిన్న యుద్ధమే చేసి, రెండువైపులా సగం సగమని రాజీపడ్డారు. పొద్దువాలుతుండగా మళ్ళీ ఇమేజ్ ఫైలుగా మార్చి ప్రెస్సుకు అప్‌లోడ్ చేశారు. ఫైలు ఎంతవరకు వెళ్ళిందో చూపే గీత తెరమీద నత్తలా పాకుతుంటే ఆయన ఊపిరి బిగబట్టాడు. ఫైలు అందాక ప్రెస్సాయన మళ్ళీ ఫోన్ చేశాడు.

"ఎంత పెద్దది చేసినా ఒక్క పన్ను అంచు చెదరట్లేదమ్మా! ఇలాంటిది మా ప్రెస్సుకి రాలేదు."

గోడకు బొమ్మ అంటించిన రోజు జనం విరగబడి చూశారు. గడియారాలాయన మాత్రం గోడకు ముక్కు ఆనించి పళ్ళ మధ్య సందులే వెతుక్కున్నాడు. అన్నీ ఉన్నాయి. పనులు చూసే ఇంజినీరు దగ్గరికొచ్చి, ఇంత బాగా ఎవరు గీశారని అడిగాడు.

"నేనే గీశాను," అన్నాడాయన ఛాతీ విరుచుకుని. తర్వాత జనంలో వెనకెక్కడో నిలబడ్డ కోడల్ని చెయ్యెత్తి పిలిచాడు. "ఇదుగో, మా కోడలు. నా గురువుగారు."

కోడలు కళ్ళు తుడుచుకుంటూనే వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.