పెంచలమ్మ తట్టలో గుప్పెడు రొయ్యలు

ఆ రొయ్యల ఫ్యాక్టరీలో ఒక మర్యాద ఉండేది. వలిచేవాళ్లలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా, అటూ ఇటూ ఉన్నవాళ్లు తాము వలిచినదాంట్లోంచి తలా గుప్పెడు ఆమె తట్టలో వేసేవాళ్లు. అడిగేదీ లేదు, చెప్పేదీ లేదు. ముంతాజ్ పచ్చి బాలింతగా పనికొచ్చిన రోజుల్లో ఆమె తట్ట సగం అలాగే నిండింది.

ఇప్పుడు మేస్త్రీ లేడు. బల్లల పైన కెమెరాలు, తట్టల కింద కాటాలు, ఎదురుగా గోడకు టీవీ. ఎవరి పేరు పైనో, ఎవరిది కిందో అదే చూపిస్తుంది. సాయంత్రానికి అట్టడుగున మిగిలిన మనిషి కోసం మర్నాడు పనికి తీసుకెళ్లే వ్యాను ఆగదు. తిట్టే మేస్త్రీ అయితే కాళ్లయినా పట్టుకోవచ్చు, గోడనేం చేస్తాం మన ఖర్మ! పైగా ఒకరి తట్టలో ఒకరు వేస్తే దొంగలెక్క కింద ఇద్దరికీ పని పోతుంది. ఆ ఇద్దరిలో ముందుగా చెయ్యెత్తి చెప్పినవాళ్లకు మాత్రం మాఫీ.

ముంతాజ్ పక్కన వలిచే పెంచలమ్మ బొటనవేలికి రెండు రోజుల కిందట రొయ్య ముల్లు గుచ్చుకుని, ఆ రోజుకు చీము పట్టింది. మధ్యాహ్నానికి ఆమె పేరు జారి జారి అడుక్కి చేరింది. చూసీ చూడనట్టుండాలనుకుంది ముంతాజ్. తన కూలితోనే ఇంట్లో పొయ్యి వెలగాలి. అయినా గబుక్కున గుప్పెడు రొయ్యలు పెంచలమ్మ తట్టలో పడేసింది.

"ఏందక్కా ఇట్టా చేసినావు?" పెంచలమ్మ గొంతులో కోపం లేదు, ఏడుపే.

"ఊరుకోమ్మే. ఎవురూ చూళ్ళేదు. వలువు."

"అది చూసుంటే?"

ఇద్దరూ తలెత్తి కెమెరా వంక చూశారు. అది చూసిందో లేదో ఆ దేవుడికే తెలియాలి. బల్ల చుట్టూ చేతులు ఒక్కొక్కటే నెమ్మదించాయి. తమ ఇద్దరిలో ముందు చెప్పేది ఎవరా అని అందరూ లెక్క వేసుకుంటున్నారని ముంతాజ్‌కు అర్థమైంది. తన చెయ్యి కూడా లేవబోయింది. ఛీ, పాడు బుద్ధి అనుకుని కిందికి నొక్కుకుంది.

ఆలోపే వాచిన చెయ్యి ఒకటి పైకి లేచింది.

"సారూ, నా తట్టలో ఈమె వేసింది. నేను అడగలేదు సారూ," అంది పెంచలమ్మ. అక్కడ సారు ఎవరూ లేరు. ఆమె గోడకే చెప్పింది. ఆ వెంటనే టీవీలో ముంతాజ్ పేరు అట్టడుక్కి పడిపోయింది.

మర్నాడు వాకాడు సెంటర్లో ముంతాజ్ అన్నం క్యారియర్ పట్టుకుని నిలబడింది. ఏమో, మిషను గదా, మరిచిపోయుండొచ్చు! వ్యాను వచ్చింది, వేగం తగ్గించకుండానే దాటిపోయింది. లోపల ఆడవాళ్లంతా అవతలి కిటికీలోంచి రొయ్యల గుంటల వైపు చూస్తున్నారు. పెంచలమ్మ ఒక్కతే ఇటు తిరిగి ఏదో అనబోయింది. పక్కామె తన నోటి వంకే చూస్తోందని గమనించి పెదాలు బిగించుకుంది.